నిద్రపోయిన గవరయ్య చెయ్యి

చిట్టెమ్మ ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళే. ఆ సంగతి ఊళ్లో ఇంకెవరికీ తెలియకపోవడమే ఆమెకున్న ఒకే ఒక్క బెంగ. మొగుడు గవరయ్య, మరుదులు సింహాద్రి, బంగారయ్య, ముగ్గురూ చెప్పిన మాట చెప్పినట్టు చేసే మనుషులు. మొన్న గవరయ్య కొబ్బరిచెట్టెక్కితే, కాయలు మాత్రం చేతిలోంచి వదలొద్దని ఆమె కిందనుంచి చెప్పింది. ఆయన వదల్లేదు. రెండు చేతులతో రెండు కాయలూ గట్టిగా పట్టుకుని, చెట్టునే వదిలేశాడు. అంతే. కాయలకేమీ కాలేదు. కుడి భుజం విరిగింది.

పట్నం ఆస్పత్రిలో ఆపరేషను చేయాలన్నారు. చిట్టెమ్మకి ఆపరేషనంటే భయం లేదు గానీ, ఆ తర్వాతి రాత్రంటే భయం. పక్కింటాయన కాలికి కోత పెట్టించుకొచ్చి, కంటిమీద కునుకు లేక మూలుగుతుంటే గోడ ఇవతల నుంచి విన్నదామె. ఆ మాటే మత్తుమందిచ్చే డాక్టరమ్మతో చెప్పుకుంది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. మెడ పక్కన నరానికి సూదిమందు ఇస్తారట, దాంతో భుజం నొప్పి ఆయనకి తెలియదట.

"ఆ చెయ్యి రేపటిదాకా నిద్రపోతుంది. చెయ్యి నిద్రపోతే మనిషికీ నిద్ర పడుతుంది" అంది.

ఆపరేషను బాగానే అయింది. గవరయ్యని వార్డుకి తెచ్చారు. నొప్పి లేదు, కళ్ళు వాలిపోతున్నాయి. వదిలేస్తే గుర్రుపెట్టేవాడే. కానీ చిట్టెమ్మ ఆ చేతికి దుప్పటి కప్పి జోకొట్టడం మొదలుపెట్టింది. ఆయన ఆవలించబోతే చప్పుడుకి చెయ్యి లేస్తుందని నోరు మూసింది. తనూ పడుకుంటానని ఆయన సైగ చేశాడు.

"నీకేం తొందరయ్యా, ముందు దాన్ని పడుకోనీ" అంది గుసగుసగా.

ఇంతలో సిస్టరు వచ్చింది. చెయ్యి తిమ్మిరిగా ఉంది కనక దేనికీ తగలకుండా ఓ కన్నేసి ఉంచమంది. ఇంకేముంది, సింహాద్రి వంగి తన ఎడమకన్ను అన్న మోచేతి మీద ఆనించాడు. అది మంటెత్తితే కుడికన్ను ఆనించాడు. సిస్టరు బంగారయ్య చేతికి ఓ మాత్ర ఇచ్చి ఇంకో మాట కూడా చెప్పింది. సూదిమందు దిగిపోతే నొప్పి తెలుస్తుందని, ఆ నొప్పి రాకముందే మాత్ర నోట్లో వేయాలని, అప్పటికీ నిద్ర పట్టకపోతే పిలవమని. బంగారయ్య వెంటనే మాత్ర తన నోట్లో వేసుకున్నాడు. ఇదేమిటని వదిన అడిగితే, ఎవరి నోట్లోనో సిస్టరు పేరు పెట్టి చెప్పలేదన్నాడు. తనకైతే ఎక్కడా నొప్పి రాలేదని, మాత్ర మంచిదేనని కూడా అన్నాడు.

తెల్లవారుజామున మందు దిగిపోయింది. గవరయ్య భుజం సలపడం మొదలైంది. ఆయన పళ్ళు బిగబట్టాడు, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. పెళ్ళయ్యాక ఆ కళ్ళలో నీళ్ళు చూడటం చిట్టెమ్మకి అదే మొదలు. నిద్ర పట్టకపోతే పిలవమన్నారు కదా, మరి పిలవాలి. వరండాలోకి పరుగెత్తింది.

"నిద్రా, ఓ నిద్రా, ఒక్కసారి ఇటు రామ్మా" అని పిలిచింది.

మరుదులిద్దరూ గొంతు కలిపారు. ఎక్కడైనా దాక్కుందేమోనని బంగారయ్య మంచాల కింద కూడా వెతికాడు. అంతే, వార్డు వార్డంతా లేచి కూర్చుంది. సిస్టరు పరుగున వచ్చి సంగతి తెలుసుకుని, నెత్తి కొట్టుకుని, ఇంకో మాత్ర తన చేత్తోనే గవరయ్య నోట్లో వేసింది. కాసేపటికి ఆయన నిద్రలోకి జారుకున్నాడు. పిలిస్తే వచ్చిందని చిట్టెమ్మ పక్క మంచాలవాళ్ళందరికీ చెప్పింది.

మర్నాడు డాక్టరమ్మ చూసి, చెయ్యి కదపకుండా ఇంటికి తీసుకెళ్ళమంది. ముగ్గురూ ఆలోచనలో పడ్డారు. బస్సు కదులుతుంది. ఆటో ఇంకా కదులుతుంది. ఎత్తుకెళ్దామన్నా మనుషులు కదలాలి. చివరికి చిట్టెమ్మకే తోచింది. మరుదుల్ని పక్కకి పిలిచి, ఆయన ఇంటికి వెళ్ళలేనప్పుడు ఇల్లే ఆయన దగ్గరికి రావాలని చెప్పింది.

సాయంత్రానికి సింహాద్రి, బంగారయ్య పొయ్యి, నీళ్ళబిందె, గంప కింద రెండు కోళ్ళు తెచ్చారు. వీధి తలుపు కూడా ద్వారబంధంతో సహా ఊడబెరికి తెచ్చి గవరయ్య మంచం ముందు నిలబెట్టారు. చిట్టెమ్మ లోపలినుంచి గడియ పెట్టింది.

డాక్టరమ్మ రోగుల్ని చూడటానికి వచ్చి ఆ తలుపు ముందు ఆగిపోయింది. దానికి అటూ గోడ లేదు, ఇటూ గోడ లేదు. ఏం చేయాలో తోచక తలుపు తట్టింది.

చిట్టెమ్మ గడియ తియ్యలేదు.

"ఆయనకి ఇప్పుడే నిద్ర పట్టిందమ్మా" అంది లోపలినుంచి మెల్లిగా. "ఇంటికొచ్చినవాళ్ళని పొమ్మంటున్నానని ఏమీ అనుకోకండి. రేపు రండి."