రెండో వరస

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా చేతికి ఏదో ఒక పని ఇవ్వడం కామేశం మాస్టారి అలవాటు. అందుకే విశాఖపట్నంలో ఆయన దగ్గర రసాయనశాస్త్రంలో పరిశోధన చేసే మేమంతా నోరు తెరిచేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేవాళ్లం. పైడిరాజు మాత్రం ఆరోజు ఏమీ ఆలోచించుకోకుండా వచ్చేశాడు.

సెలవులకి వాడు ఊరెళ్లినప్పుడు వాళ్ల నాన్న బెల్లం వండుతున్నారు. కాగే చెరుకు రసంలో సున్నం ఎందుకు వేస్తున్నావో నీకు తెలుసా అని వీడు ఆయన్ని నలుగురిలో నిలదీశాడు. ఆయన తడబడితే అక్కడే నిలబడి పాఠం చెప్పాడు. ఆ పెద్దమనిషి గరిటె పక్కవాళ్ల చేతిలో పెట్టి, ఇంటికి వెళ్లిపోయారు. అప్పట్నించీ కొడుక్కి ఫోన్ చెయ్యడం మానేశారు.

"ఇక్కడికి రాకముందు మా అయ్యా నేనూ పొద్దస్తమానం కబుర్లాడుకునేవాళ్లం మాస్టారూ. ఈ చదువు నన్ను ఆయనకి కాకుండా చేసింది. మానేసి వెళ్లిపోతాను. తప్పంటారా?" అన్నాడు. నాకూ జాలేసింది.

మాస్టారు వేలెడంత గాజు పలక తీసి వాడి చేతికిచ్చారు. దాని మీద కంటికి కనపడని సన్నటి గుంటలు ఎన్నో ఉన్నాయి. వాటిని తొలిచింది పైడిరాజే. మంచినీళ్లలో ముంచి తియ్యమన్నారు. పలకంతా తడిసి వచ్చింది. తర్వాత సబ్బు జాతి మందు కాస్త కలిపిన నీళ్లలో పెట్టించారు. జుట్టుకి రాసుకునే కండిషనర్లలో ఉండే రకం మందు అది. కొంతసేపటికి పైకి తీస్తే నీళ్లన్నీ జారిపోయి పలక పొడిగా వచ్చింది.

అందులో మాయేం లేదు. ఆ మందు అణువుకి ఒక కొస నీళ్లని కోరుతుంది, రెండో కొసకి నీళ్లు గిట్టవు. కోరే కొస గాజుని కరుచుకుంటే, గిట్టని కొస బయటికి తిరుగుతుంది. గుంటలున్న పలకైతే నీళ్లని అంటనివ్వకుండా నున్నటి గాజుకన్నా ఎక్కువ బెట్టు చేస్తుంది.

పలక పాడైపోయిందంటూ పైడిరాజు చెత్తబుట్ట వైపు నడిచాడు. మాస్టారు దాన్ని లాక్కుని మళ్లీ ఆ నీళ్లలోనే వేసి, ఇంకాస్త మందు పోసి, వాణ్ని అక్కడే కూర్చోబెట్టి టీకి వెళ్లిపోయారు. ఇలాంటప్పుడు ఆయన మీద ఒళ్లు మండేది నాకు.

ఆయన తిరిగొచ్చి తియ్యమన్నారు. ఈసారి పలకంతా తడిసింది, గుంటలతో సహా. కొత్తగా వచ్చిన అణువులు పాతవాటి మీద ఇంకో వరసగా తిరగబడి నిలబడ్డాయి. నీళ్లని కోరే కొస మళ్లీ బయటికొచ్చింది.

పైడిరాజు పలకని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొదటి వరస ఊడిపోయిందా అని అడిగాడు.

"లేదు. అది ఉంటేనే రెండోది వచ్చి ఆనుకుంటుంది."

వాడు తల దించుకుని, "మరి ఈ చదువులో నాకు రెండో వరస పడిందో లేదో ఎలా తెలుస్తాది మాస్టారూ?" అన్నాడు.

"నాకేం తెలుస్తుందిరా? మీ నాన్నగారు చెప్పాలి," అన్నారు మాస్టారు.