ఆవకాయ వంతు, అన్నం వంతు

మందారగిరి రాజావారికి ఏ మోజు పుట్టినా అది కొలువులో వాళ్ళ ప్రాణం మీదికే వచ్చేది. గుర్రాల మోజు పుట్టినప్పుడు ముసలి మంత్రిగారు నడుము విరగ్గొట్టుకున్నారు. ఈసారి రాజావారు యానాం వెళ్ళి ఫ్రెంచి దొరల విందు తిని వచ్చారు. ఇక చెప్పేదేముంది?

నెల తిరక్కుండా కోటలో ఫ్రెంచి భోజనశాల వెలిసింది. పొడుగాటి బల్ల, దానిమీద తెల్లటి గుడ్డ, గాజు దీపాలు, యానాం నుంచి రప్పించిన ఫ్రెంచి వంటవాడు. బల్ల మర్యాదలు నేర్పే పని కొలువు ఉద్యోగి గోపాలస్వామికి దక్కింది. ఆయన ఎప్పుడో కొన్నాళ్ళు యానాంలో ఉండి వచ్చాడు. ఆ కొన్నాళ్ళ గురించి ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాడు.

"ఒక్కో వంటకం ఒక్కో వంతుగా వస్తుంది," అన్నాడు మీసం దువ్వుకుంటూ. "ఒకటి తీశాకే ఇంకోటి. రెండు వంటకాలు ఒకే పళ్ళెంలో కలిస్తే వంటవాడికి అవమానం. చెంచా కింద పెట్టారా, చాలన్నట్టే. బల్ల దగ్గర నోరు తెరిచి ఏదీ అడక్కూడదు. అది మొరటుతనం."

కొలువులో విదూషకుడు పేరయ్య తిండి విషయంలో మాత్రం అబద్ధమాడడు. మొదటి రోజు విందులో పుట్టగొడుగుల చారు ఒక చెంచాడు తాగి, ఆ రుచికి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి గిన్నె లేదు. మైమరచి చెంచా కింద పెట్టాడు మరి.

అందరిదీ అదే గతి. రాజావారి ముందు "ఆహా" అనడం, ఇంటికి పోయి పెళ్ళాం చేత మళ్ళీ పొయ్యి వెలిగించడం. నిజం చెప్పి ఎవరు తల మీదికి తెచ్చుకుంటారు?

ఇలా నడుస్తుండగా రాజావారు ఓ కబురు చెప్పారు.

"అమ్మాయి పెళ్ళి విందు కూడా ఈ పద్ధతిలోనే. వియ్యాలవారు నోరెళ్ళబెట్టాలి."

కొలువంతా గతుక్కుమంది. మగపెళ్ళివారిని అర్ధాకలితో లేపితే పెళ్ళి పీటల మీదే ఆగిపోదూ? గోపాలస్వామి ఒక్కడే ముసిముసిగా నవ్వుకున్నాడు. పేరయ్య లేచాడు.

"ప్రభూ, ఒక్క పూట మా ఇంట భోంచేయండి. వంట మాది, పద్ధతి గోపాలస్వామి గారిది. మీ అంతట మీరే నోరు తెరిచి ఏదైనా అడిగితే, పెళ్ళి విందు విస్తళ్ళలో జరిపించాలి."

"అడగకపోతే?"

"రేపటి నుంచి నాకు కొలువు లేదు."

"పద్ధతి వెంట్రుకవాసి తప్పినా ఒప్పుకోను సుమా," అన్నాడు గోపాలస్వామి.

"తప్పితే మీరే చెప్పండి. మిమ్మల్ని పక్కనే కూర్చోబెడతాను."

ఇంటికెళ్ళి చెప్తే భార్య సుభద్రమ్మ నెత్తి కొట్టుకుంది. "కొలువు పోతే ఏం తింటామండీ, మీ చమత్కారాలా?" పేరయ్యకూ లోపల గుబులుగానే ఉంది. రాజావారు పంతానికి పోతే మహా మొండివారు.

మర్నాడు మధ్యాహ్నం పేరయ్య ఇంట్లో బల్ల వేశారు. మొదటి వంతు వచ్చింది. పెద్ద పింగాణీ పళ్ళెం, దాని నడుమ ఒకే ఒక్క ఆవకాయ ముక్క.

రాజావారు ముక్క కొరికారు. చెవుల్లోంచి పొగలు వచ్చినంత పనైంది. పక్కకు చూశారు. గోపాలస్వామి కూడా ముక్క నమిలాడు. కళ్ళనీళ్ళు కారుతున్నాయి.

"అద్భుతం," అన్నాడు గొంతు పెగుల్చుకుని. "పద్ధతి ప్రకారమే ఉంది."

రాజావారు కళ్ళు తుడుచుకోవడానికి చెంచా కింద పెట్టారు. పళ్ళెం మాయమైంది.

రెండో వంతు, చిన్న గిన్నెలో కమ్మగా కాచిన నెయ్యి. ఒట్టి నెయ్యి ఎంతని తాగుతారు? అదీ వెళ్ళిపోయింది. మూడో వంతు, ముద్దపప్పు. రాజావారు రెండు చెంచాలు తిని ఎదురు చూశారు. లోపల సుభద్రమ్మ గంజి వారుస్తోంది. ఆ వాసన బల్ల దాకా వచ్చింది. రాజావారు ఏదో అనబోయి, పందెం గుర్తొచ్చి పెదవులు బిగించారు. ఇక కొలువు పోయినట్టే అనుకున్నాడు పేరయ్య. పప్పు పళ్ళెం కూడా తీసేశారు.

నాలుగో వంతు వచ్చింది. పొగలు కక్కుతూ తెల్లటి అన్నం. పళ్ళెంలో ఇంకేమీ లేదు.

రాజావారు దాన్ని చూశారు. ఉత్త అన్నం ఒక మెతుకు నోట్లో వేసుకున్నారు. ఇక ఉండబట్టలేకపోయారు.

"ఆవకాయేదయ్యా?"

"దాని వంతు అయిపోయింది ప్రభూ."

"పోనీ నెయ్యి?"

"అదీ వెళ్ళిపోయింది. ఇది అన్నం వంతు."

అప్పటికి గాని తాను నోరు తెరిచి అడిగానన్న సంగతి రాజావారికి తట్టలేదు. అదీ రెండుసార్లు. కనుబొమలు ముడిపడ్డాయి. పేరయ్య చేతులు కట్టుకుని మెల్లిగా అన్నాడు:

"ప్రభూ, ఫ్రెంచి వంటవాడు అన్నీ లోపలే కలిపి, వంట పూర్తి చేసి పంపుతాడు. అందుకే అది ఒంటరిగా వచ్చినా బాగుంటుంది. మన వంట సగమే పూర్తయి వస్తుంది. తక్కిన సగం విస్తట్లో తినేవాడి చెయ్యి చెయ్యాలి. ఆ చేతికి మనం చెంచా ఇచ్చి కూర్చోబెట్టాం."

రాజావారు చేతిలోని చెంచా వంక చూసుకున్నారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. చెంచా అవతల పడేసి, చొక్కా చెయ్యి పైకి లాక్కున్నారు.

"పందెం నీదే పేరయ్యా. ముందు విస్తరి వెయ్యి. వెళ్ళిపోయినవన్నీ ఒక్కసారే తీసుకురా."

సుభద్రమ్మ అన్నీ ఒక్కసారే వడ్డించింది. రాజావారు కలిపి మొదటి ముద్ద తిని, తన జరీ ఉత్తరీయం తీసి ఎడమచేత్తో పేరయ్య భుజాన వేశారు. పెళ్ళి విందు పెత్తనం కూడా అతనికే అప్పగించారు.

అప్పుడు పక్కనుంచి సన్నగా ఓ గొంతు వినిపించింది. గోపాలస్వామి ముక్కు ఇంకా ఎర్రగానే ఉంది.

"పేరయ్య గారూ, నాకూ ఒక విస్తరి..."

"అరే, ఈయనా నోరు తెరిచి అడిగాడు," అన్నారు రాజావారు. నవ్వేసరికి ఆయనకు పొలమారింది.