మందాకిని కోసం ఒక్క ఏడుపు

బూరెలవారి అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు గవర్రాజు, రెండోవాడు సత్తిపండు, మూడోవాడు అబ్బులు. తమకున్నంత బుర్ర జిల్లాలో ఎవరికీ లేదని వాళ్ళ నమ్మకం. "రాసింది రాసినట్టు చేస్తాం, చెప్పింది చెప్పినట్టు వింటాం. అంతకంటే తెలివేం కావాలి?" అనేవారు. నిజమే, ఏం కావాలి చెప్పండి!

వాళ్ళ తాత పిచ్చేశ్వర్రావు వెనకటికి 'అయ్యో మందాకినీ' అని ఓ విషాద నవల రాశాడు. చదివినవాడల్లా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన ఆ దిగులుతోనే పోయాడు. ఎనభై రెండేళ్ళ నాయనమ్మ మాణిక్యాంబకి ఇప్పటికీ అదే బెంగ.

"ఒరే, మీ తాత రాతకి ఒక్కళ్ళయినా ఏడిస్తే చూసి పోతానురా," అంది ఓ రోజు.

"దానికేం నాయనమ్మా, సినిమా తీసేద్దాం. ఒక్క అక్షరం పొల్లుపోదు," అన్నాడు గవర్రాజు.

అంతే. పెళ్ళిళ్ళకి వీడియో తీసే అతన్ని పట్టుకొచ్చారు. సత్తిపండు పెళ్ళాం పేరమ్మ మందాకిని అయిపోయింది.

మొదటి పేజీలోనే తాత, "మందాకిని ఏడ్చిన ఏడుపుకి బావి పొంగింది, ఎద్దు కూలబడింది, పొరుగూరి మునసబు అన్నం మానేశాడు" అని రాశాడు. ఇంకేముంది! మోటారు పెట్టి బావి నింపితే పెరడంతా మునిగింది. ఎద్దు కూర్చోనంటే కూర్చోనంది. అబ్బులు దాని ముందు చతికిలబడి, "ఇదిగో, ఇలా" అని చూపించాడు. అది వచ్చి వాడి ఒళ్ళోనే కూర్చుంది. పొరుగూళ్ళో మునసబుగారు ముద్ద కలుపుతుంటే గవర్రాజు కంచం లాగేశాడు.

"ఎందుకయ్యా?"

"మా పేరమ్మ ఏడ్చిందండి."

తర్వాతి పేజీలో "మందాకిని మూర్ఛపోయింది. ఆరు నెలలు గడిచాయి" అని ఉంది. పేరమ్మ చాప మీద పడిపోయింది. అందరూ చుట్టూ కూర్చుని ఆరు నెలలు గడిపారు. మధ్యలో వానలొస్తే చాప చావిట్లోకి లాగారు.

"అన్నానికి లేవచ్చా?" అంది పేరమ్మ.

"పుస్తకంలో లేదు," అన్నాడు మొగుడు.

"లేవకూడదనీ లేదుగా!" అని ఆవిడ లేచి, తినొచ్చి, మళ్ళీ మూర్ఛపోయేది.

ఎలాగైతేనేం, సినిమా అయింది. ఓ ఆదివారం పొద్దున్నే ఊళ్ళోవాళ్ళనీ మునసబుగారినీ బియ్యం మిల్లు గోడౌన్లో కూర్చోబెట్టి, తెర కట్టి ఆడించారు. ఎద్దు అబ్బులు ఒళ్ళో కూర్చునేసరికి జనం విరగబడి నవ్వారు. చివరిదాకా నవ్వుతూనే ఉన్నారు. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"పోయాక కూడా ఆయన్ని నవ్వులపాలే చేశార్రా," అంది. పాపం, ఆ మాట వింటే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది.

గవర్రాజు ఆఖరి పేజీ తీశాడు. "ఇక్కడ పాఠకులు వెక్కి వెక్కి ఏడుస్తారు" అని తాత స్పష్టంగా రాశాడు.

"ఏడవలేదు కాబట్టి సినిమా ఇంకా అవలేదు," అని తలుపుకి తాళం వేశాడు. మళ్ళీ ఆడించారు. జనం మళ్ళీ నవ్వారు.

"మిట్టమధ్యాహ్నం అయింది, ఇక వదలండి నాయనా," అన్నాడు మునసబు. పాపం, వీళ్ళ చేతిలో ఆయనకి పోయిన భోజనం ఇది రెండోది.

"అప్పుడేనా? అట్ట తిప్పగానే ఏముందో చూశారా? 'ప్రతులు: వెయ్యి'. మనకింకా రెండే అయ్యాయి!" అన్నాడు గవర్రాజు.

ముందు మునసబు భోరుమన్నాడు. ఆ వెనకే గోడౌనంతా గొల్లుమంది. నాయనమ్మ మొహం వెలిగిపోయింది.

"చూశారా! మా ఆయన రాతకి ఊరు ఊరంతా ఏడుస్తోంది!" అని తనూ ఏడ్చేసింది. "ఇంక చాల్లేరా, తలుపు తియ్యండి."

సత్తిపండు అన్న జేబులోంచి తాళంచెవి తీశాడు. గవర్రాజు వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగరా! ఏడుపు ఉన్నది ఆఖరి పేజీలో. మొదటి పేజీ పడకుండానే ఏడిస్తే ఎలా? ఏవండోయ్, అందరూ కళ్ళు తుడుచుకోండి. మళ్ళీ మొదట్నించీ!"