గంగులమ్మ ముక్కులో గొట్టం

గంగులమ్మకి పక్షవాతం వచ్చి మింగుడు పడటం ఆగిపోయింది. మూడు రోజులుగా సెలైన్ తప్ప ఏమీ లేదు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి గంజి పొయ్యాలి. కుర్ర డాక్టరు ఉమాకాంత్ రెండుసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లూ రక్తం వచ్చింది. మూడోసారి దగ్గరికి వెళ్తే ఆమె మంచి చేత్తో అతని మణికట్టు పట్టుకుని తోసేసింది.

కొండమీది మఠం ఆసుపత్రిలో ఇంకో డాక్టరు లేడు. టౌను అరవై కిలోమీటర్లు. అతను నేరుగా నిర్మలానంద స్వామి గదికి వెళ్ళాడు. స్వామి కాషాయం కట్టకముందు ముప్పై ఏళ్ళు వైద్య విద్యార్థులకి ఎముకల పాఠం చెప్పినవారు.

"ఆవిడ నన్ను రానివ్వడం లేదు స్వామీ. మీరే వెయ్యండి."

స్వామి కుడిచెయ్యి చాపారు. అది ఆగకుండా వణుకుతోంది. "దీంతోనా?"

స్వామి ఆ చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నారు.

"ముక్కు లోపలి గూడు చదివావు కదా?"

"చదివాను. పద్నాలుగు ఎముకలు. జతలు అయిదు, ఒంటివి నాలుగు. పక్క గోడలకి చెరో మూడు మడతలు. కప్పులో జల్లెడ ఎముక, దాని పైన మెదడు." ఒక్క గుక్కలో చెప్పేశాడు. పరీక్షలో ఈ ప్రశ్నకి అతనికి పదికి పది వచ్చాయి.

"గొట్టం ఎటు తోశావు?"

ఉమాకాంత్ తన ముక్కు దూలం మీద వేలు పెట్టి కళ్ళ మధ్యకి గీశాడు. "ముక్కు ఎటు ఉంటే అటే కదా స్వామీ."

స్వామి లేచి వార్డులోకి నడిచారు. గంగులమ్మ ఎదురు మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నారు.

"నాకు వెయ్యి."

"మీకా? ముందు మీ గదిలోని పుర్రె మీద ఒకసారి చూసుకుని..."

"పుర్రె తుమ్మదు. వెయ్యి."

ఉమాకాంత్ గొట్టానికి జెల్లీ రాశాడు. ముక్కు రంధ్రంలో పెట్టి తోశాడు. చెయ్యి దానంతటదే పైకి లేచింది. స్వామి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల మాత్రం కదల్లేదు.

"అటు వెళ్తే ఏముంది?"

"కప్పు."

"నేల ఎక్కడ?"

ఉమాకాంత్ చెయ్యి ఆగింది. అంగిలికి పై ముఖమే ముక్కుకి నేల. ముందువైపు పై దవడ ఎముక, వెనకవైపు అంగిలి ఎముక. అరుగులా చదునుగా, తిన్నగా వెనక్కి పోతుంది. తన చేతిని పైకి తీసుకెళ్ళిన ముక్కు దూలం కొసదాకా ఎముకే కాదు, కొస మెత్తటి మృదులాస్థి. పుర్రెకి ఆ కొస ఉండదు, అక్కడ దారి తిన్నగా వెనక్కే.

గొట్టం అంగుళం వెనక్కి లాగాడు. కొసని కిందికి దించి, నేలకి ఆనించి, తల వెనక వైపుకి సూటిగా తోశాడు. ఏదీ అడ్డం రాలేదు.

"మింగండి స్వామీ."

గొట్టం మీద యాభై అయిదు సెంటీమీటర్ల గుర్తు దగ్గర ఆపాడు. సిరంజితో లాగితే కడుపులోని నీరు వచ్చింది. ప్లాస్టర్ అంటించాడు.

గంగులమ్మ అంతా చూస్తూనే ఉంది. మాట ముద్దముద్దగా వచ్చింది.

"సామిని కూడా ఏడిపించీసినాడు. నొప్పెట్టినాదా సామీ?"

"మొదట పెట్టింది. తర్వాత పెట్టలేదు."

ఆమె ఉమాకాంత్ వైపు తిరిగింది. మంచి చేత్తో రక్తం ఎండిన ముక్కుపుటం మూసుకుని, రెండోది అతనికి చూపించింది.

"ఇటేపు ఎట్టు, బాబూ."

అతను స్టూలు లాక్కుని ఆమె ముఖానికి ఎదురుగా కూర్చున్నాడు. కొత్త గొట్టం విప్పబోతూ స్వామి వైపు తిరిగాడు.

"ముందు మీది తీసేస్తాను స్వామీ."

స్వామి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆవిడకి గంజి పొయ్యి. నాది తర్వాత తీద్దువుగాని."