పెంటయ్య విడిచిన నీళ్లు

అనగనగా, ఇప్పటి ముసలివాళ్ల తాతలు కూడా పుట్టని కాలంలో, ఒక ఊళ్లో పెంటయ్య అనే నీరటి ఉండేవాడు. చెరువు తూము తీసి, వంతు ప్రకారం పొలాలకు నీళ్లు పారించడం నీరటి పని. మనిషి ఉక్కులాంటివాడు. రోగం లేదు, నొప్పి లేదు. ఉన్నదల్లా కోపమే.

ఒకసారి కోపమొచ్చి ఇంట్లో కుండలన్నీ పగలగొట్టాడు. ఇంకోసారి ఎద్దు కొమ్ము విరగ్గొట్టాడు. మూడోసారి నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి, పార తిరగేసి సొంత తమ్ముడు మల్లయ్య కుడిచెయ్యి విరిచాడు. అది వంకరగానే అతుక్కుంది. ఇంకొక్క దెబ్బ పడిందంటే పార లాక్కుని ఊరు దాటిస్తామన్నారు పెద్దలు. పెంటయ్యకు తన చేతులంటే తనకే భయం పట్టుకుంది.

ఆ దారిన పోయే బైరాగి ఒకాయన నీళ్లు తాగడానికి చెరువు దగ్గర ఆగితే, పెంటయ్య కాళ్లమీద పడి, కోపానికి మందిమ్మన్నాడు. మందు లేదన్నాడు బైరాగి. పాదాలు నేలకు ఆనించి నిలబడమన్నాడు. చేతులు ఎత్తుతూ నిండా ఊపిరి పీల్చమన్నాడు, దించుతూ మెల్లగా వదలమన్నాడు. రోజూ పొద్దున్నే.

పెంటయ్య కట్టమీద నిలబడ్డాడు. ఎత్తాడు, పీల్చాడు, దించాడు, వదిలాడు. కొంగల్లో కలిశావా నీరటీ, చేపలేమైనా పడ్డాయా అని జనం నవ్వారు. ఆ రోజూ కోపం వచ్చింది. నెలకీ వచ్చింది. ఏడాదికీ వచ్చింది. కాకపోతే వచ్చి గుమ్మంలో నిలబడేదట, లోపలికి చొరబడేది కాదట. అదేం వింతో మరి.

తర్వాత వానలు లేని ఏడు వచ్చింది. ఒక పొద్దున, ఒంటరి ముసలమ్మ రాజవ్వ వంతు నడుస్తుండగా, మల్లయ్య ఎడమచేత్తో కాలువకు గండి కొట్టి నీళ్లు తన మడికి మళ్లించాడు. పెంటయ్య పార పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మల్లయ్య జరగలేదు. వంకర చెయ్యి వెనక్కి పెట్టుకుని, మంచి చెయ్యి ముందుకు చాపాడు.

"కొట్టన్నా. ఇంకొకటి మిగిలింది."

పార లేచింది. గట్లమీద జనం చూస్తున్నారు. పెంటయ్య దాన్ని బురదలో గుచ్చేశాడు. చేతులు ఎత్తాడు, పీల్చాడు, దించాడు, వదిలాడు. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు. అంతసేపూ నీళ్లు మల్లయ్య మడిలోకి పారుతూనే ఉన్నాయి.

"ఈ మూడు ఊపిర్ల నీళ్లు నేను విరిచిన నీ చేతికి, తమ్ముడూ" అన్నాడు. "మిగతావి రాజవ్వవి."

వంగి, ఒట్టి చేతులతో గండి పూడ్చసాగాడు. మల్లయ్య చాపిన చెయ్యి దించాడు. తర్వాత తనూ కూర్చుని, ఎడమచేత్తో ఒక బురదముద్ద పెట్టాడు.

పెంటయ్య పోయి ఎన్ని తరాలైందో. ఆ ఊళ్లో ఇప్పటికీ నీళ్ల దగ్గర తగవు రేగితే, ఇద్దరూ పారలు బురదలో గుచ్చి మూడు ఊపిర్లు పీల్చి వదులుతారు. ఆలోగా నీళ్లు ఎవరి మడిలోకి పారినా అడగరు. అవి పెంటయ్య విడిచిన నీళ్లంటారు. ఎవరి వంతులోనూ కలపరు.