అడగకుండా అందిన గంజి

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక పెద్ద నల్లరాతి కొండ. ఆ కొండ మీద జంతువుల పెద్ద చదువుల బడి ఉండేది. మనుషులు విశ్వవిద్యాలయం అంటారే, అలాంటిదన్నమాట. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వచ్చి, అక్కడే ఉండి చదువుకునేవారు.

అయితే పిల్లలూ, ఆ కొండ మీద గడ్డిపోచ కూడా మొలిచేది కాదు. మేత కావాలంటే లోయలోకి దిగాలి. దిగి ఎక్కేసరికి రోజంతా గడిచిపోతుంది, పాఠాలు పోతాయి. అందుకని ఎవరి తిండి వాళ్ళకు ఇంటి నుంచే వచ్చేది, నెలకొక మూట.

ఆ బడిలో జాజి అనే కొండగొర్రె పిల్ల మూలికల వైద్యం చదివేది. కిందటేడు జాజి తమ్ముడికి విషజ్వరం వచ్చింది. ఏ ఆకు నూరి పెట్టాలో వాళ్ళ ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. తమ్ముడు దక్కలేదు. అప్పుడే జాజి వాళ్ళమ్మతో అంది, "అమ్మా, నేను వైద్యం నేర్చుకుని వస్తాను."

ఆ ఎండాకాలం వాళ్ళ ఊరి వైపు కార్చిచ్చు రేగింది. గడ్డి అంతా కాలిపోయింది. నెల తిరిగేసరికి జాజికి వచ్చిన మూట గుప్పెడంత ఉంది. మూట తెచ్చిన పిచ్చుక చెప్పింది, "ఈసారికి సర్దుకోమంది మీ అమ్మ. తను కూడా సరిగా తినడం లేదమ్మా, నేను చూశాను."

జాజి ఆ మూటను రోజుకు రెండు పరకల చొప్పున తింది. తరవాత రోజు విడిచి రోజు తింది. ఆ తరవాత మూట ఖాళీ అయిపోయింది.

జాజితో ఒకే గదిలో ఉండే ముళ్ళపంది పేరు ఈరి. ఈరి తన దుంపలు తింటూ అడిగింది, "జాజీ, నువ్వు తినవా?"

"ఇందాకే తిన్నాను."

మర్నాడు అడిగితే, "కడుపు బాగోలేదు," అంది జాజి.

మూడోనాడు అడిగితే, "పరీక్ష దగ్గర పడింది కదా, తింటే నిద్రొస్తుంది," అంది. అలా అని కడుపు నిండా నీళ్ళు తాగి, పుస్తకం ముందేసుకుని కూర్చుంది. అక్షరాలు కనిపిస్తున్నాయి గాని ఒక్కటీ బుర్రకెక్కడం లేదు. ఈరికి అనుమానం వచ్చింది. అయినా ఏమడిగితే ఏమనుకుంటుందోనని ఊరుకుంది.

ఆ బడి పెద్ద భద్రమ్మ టీచరు. ఆమె ఎలుగుబంటి. మంచి మనసున్న మనిషి... మనిషి అంటున్నాను చూడండి, మంచి మనసున్న ఎలుగు. కార్చిచ్చు సంగతి విని ఆమె తన గది గుమ్మం ముందు ఒక బుట్ట పెట్టించింది. బుట్టలో ఇప్పపువ్వు, రేగుపళ్ళు పోయించింది. అందరినీ పిలిచి చెప్పింది, "ఆకలిగా ఉన్నవాళ్ళు వచ్చి, పేరు చెప్పి తీసుకోండి. మొహమాటపడకండి."

జాజి మూడుసార్లు ఆ గుమ్మం దాకా వెళ్ళింది. మొదటిసారి అక్కడ నెమలి నిలబడి ఉంది. రెండోసారి ఇద్దరు కుందేళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారు. మూడోసారి ఎవరూ లేరు. కాని పేరు చెప్పాలి కదా. జాజి నోరు తెరవలేక వెనక్కి తిరిగింది.

వారమైనా బుట్టలో పండు కదలలేదు. టీచర్లకు వండిపెట్టే కొండముచ్చు అప్పన్నను భద్రమ్మ పిలిచి, "మన బడిలో ఆకలి లేదు అప్పన్నా. బుట్ట తీసేయ్," అంది తృప్తిగా.

మరుసటి రోజే మూలికల పరీక్ష. పిల్లలంతా కొండ చరియ ఎక్కి సుగంధి వేరు తవ్వి తేవాలి. అందరికంటే ముందు జాజి ఎక్కింది. సగం దూరం వెళ్ళాక కళ్ళు బైర్లు కమ్మాయి. కాలు జారింది. రాళ్ళ మీద నుంచి దొర్లుకుంటూ వచ్చి కింద పడింది.

భద్రమ్మ పరుగున వచ్చింది. జాజి ముందుకాలు విరిగింది. ఆమె ఆకుపసరు పోసి కట్టు కడుతూ, "కొండగొర్రె కొండ మీద జారడమేమిటి? ఎప్పుడూ వినలేదే," అంది.

ఈరి ఇక ఊరుకోలేకపోయింది. "టీచరుగారూ, జాజి తిండి తిని నాలుగు రోజులైంది. నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు," అని ఏడ్చింది.

భద్రమ్మ చేతిలో కట్టు ఆగిపోయింది. "మరి బుట్ట పెట్టాను కదమ్మా. ఎందుకు రాలేదు?"

జాజి మెల్లగా అంది, "వచ్చానండీ. మూడుసార్లు వచ్చాను. అక్కడ పేరు చెబితే ఇక అందరికీ నేను ఆకలిదాన్నే అవుతాను. మా అమ్మ నన్ను చదువుకోమని పంపింది. అడుక్కోవలసి వచ్చిందని తెలిస్తే తను ఉన్నది కూడా తినడం మానేస్తుంది."

భద్రమ్మ తల వంచుకుంది. "తప్పు నాది తల్లీ. ఆకలిని నా గుమ్మం దాకా నడిచి రమ్మన్నాను. రాకపోతే లేదనుకున్నాను."

ఆ సాయంత్రమే ఆమె అప్పన్నతో చెప్పింది, "మన టీచర్ల గాదెలో కొర్రలున్నాయి కదా, రేపటి నుంచి మొదటి పాఠానికి ముందు అందరికీ గంజి. పేర్లు అడగొద్దు."

అప్పన్న నసిగాడు. "ఇంట్లోంచి నిండు మూటలొచ్చేవాళ్ళు కూడా తాగేస్తారమ్మగారూ."

"తాగనీ. నేనూ తాగుతాను. అందరూ తాగేచోట ఎవరు ఆకలితో వచ్చారో ఎవరికీ తెలియదు."

వారానికొకరోజు పాఠాలు ఆపి, పిల్లలూ టీచర్లూ కలిసి లోయలోకి దిగి గింజలూ దుంపలూ తెచ్చి గాదె నింపాలని కూడా ఆమె నియమం పెట్టింది.

తెల్లవారింది. బండ మీద వరసగా కూర్చున్నారు. కొర్రల గంజి పొగలు కక్కుతోంది. జాజి కుంటుకుంటూ వచ్చి కూర్చుంది. అప్పన్న గరిటెడు పోసి ముందుకు వెళ్ళిపోయాడు. ఒక్క మాట అడగలేదు.

మరో వింత జరిగింది. ఎప్పుడూ ఈకలు విప్పుకుని తిరిగే నెమలి మూడుసార్లు గంజి పోయించుకుంది. అడవిపంది కొడుకు దొన్నె అడుగు నాకాడు. కుందేళ్ళిద్దరూ మాటలు మానేసి తాగారు. భద్రమ్మ అది చూసి, ఇంకో కుండ గంజి కాచమని అప్పన్నకు చెప్పింది. ఆకలి జాజి ఒక్కదానిదే కాదు మరి.

జాజి కాలు అతకడానికి చాలా రోజులు పట్టింది. ఆ ఏడాది పరీక్ష పోయింది. పోయిన ఏడాదిని ఎవరూ తెచ్చివ్వలేరు కదా. కాని మరుసటి ఏడు జాజి చరియ ఎక్కి వేరు తెచ్చింది.

ఆ ఏడే ఒక ఉడుత పిల్ల కొత్తగా చేరింది. ఖాళీ చేతులతో వచ్చింది. పొద్దున్నే బండ దగ్గర బెరుగ్గా నిలబడి జాజిని అడిగింది, "అక్కా, ఇక్కడ తిండి కోసం ఎవరిని అడగాలి?"

జాజి కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. "ఎవరినీ అడగక్కర్లేదు. కూర్చో," అంది.

నీతి: ఆకలి నోరు తెరిచి అడిగేదాకా ఆగకూడదు, అడిగే అవసరమే రాకుండా ముందే అందరికీ కలిపి వడ్డించాలి.