ఓబులమ్మ పులుసులో మంట ఉండ

నల్లమలలో తొలకరి పడిన రోజు ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. తలా ఒక దినుసు పట్టుకుని అందరూ ఎలుగుబంటి ఓబులమ్మ గుహ ముందుకు చేరతారు. ఆమె పెద్ద మట్టికుండలో గుమ్మడికాయ పులుసు కాచి, అందులో జొన్నపిండి ఉండలు వేసి ఉడికిస్తుంది. ఆ పులుసు కడుపులో పడితే వాన ఎంత కొట్టినా వణుకు పుట్టదని అక్కడి వాళ్ళ నమ్మకం.

ఆ ఉండల్లో ఒకదాని కడుపులో మాత్రం పచ్చిమిరపకాయల ముద్ద ఉంటుంది. దాని పేరు మంట ఉండ. అది ఎవరి దొప్పలో పడితే వాళ్ళు వానాకాలమంతా ఓబులమ్మ కుండ తోమాలి. పాపం, వాళ్ళు కళ్ళనీళ్ళు కారుస్తూ గంతులేస్తుంటే మిగతావాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. ఏటా అదొక వేడుక.

ఈ ఏడు ఓబులమ్మ మనసు వేడుకలో లేదు. తేనెపట్టుల్లో మూతి దూర్చీ దూర్చీ, తేనెటీగలు కుట్టీ కుట్టీ ఆమె ముక్కు మొద్దుబారిపోయింది. వాసనన్నదే తెలియడం లేదు. ఎలుగుబంటికి ముక్కు పోతే ఇంకేం మిగిలినట్టు? సంగతి బయటపడితే "ఇంక నువ్వు కూర్చో అవ్వా" అని చేతిలో గరిటె తీసేసుకుంటారు. చేతిలో గరిటె లేని తొలకరిని ఆమె తలుచుకోలేకపోయింది. అందుకే ఎవరికీ చెప్పకుండా లోలోపల కుమిలిపోతోంది.

కుందేలు చెన్నక్క చేలల్లో ఏరి దాచిన జొన్నలు విసిరి పిండి తెచ్చింది. ముళ్ళపంది మద్దిలేటి గుమ్మడికాయ దొర్లించుకుంటూ వచ్చాడు. నక్క సుంకన్న ఎప్పటిలాగే చేతులూపుకుంటూ దిగాడు.

"నువ్వేమి తెచ్చినావు సుంకన్నా?" అంది చెన్నక్క.

"ఆకలి తెచ్చినా. మోసుకొచ్చేసరికి ప్రాణం పోయిందనుకో!"

దొప్పలకు మోదుగాకులు కోసుకొస్తామని చెన్నక్కా, మద్దిలేటీ అటు వెళ్ళారో లేదో, సుంకన్న మెల్లగా పొదలో ముందే దాచిన కుళ్ళిన నెమలిగుడ్డొకటి తీసి ఓబులమ్మ కాళ్ళ దగ్గర చిట్లగొట్టాడు. చాలా రోజులుగా అతనికి అనుమానం. ఆమె తల తిప్పలేదు. గుమ్మడి ముక్కలు కుండలో వేస్తూనే ఉంది.

"వాసన ఎట్లుందవ్వా?" అన్నాడు ముద్దుగా.

"ఎట్లుండేదేముంది నాయనా, పులుసు ఘుమఘుమలాడుతాంది కదా!"

"ఘుమఘుమలాడేది నీ కాళ్ళకాడి కుళ్ళు గుడ్డు. నీ ముక్కు పోయింది. అవునా, కాదా?"

ఓబులమ్మ కిందికి చూసింది. గుడ్డు పెంకులు కనిపించాయి.

"భయపడొద్దులే, నేనెవరికీ చెప్పను. రుచి చూసే పని మాత్రం నాకప్పగించు. వాళ్ళు వచ్చేలోపల నాకు నచ్చిన ఉండ నేను తింటా. ఈ ఏడే కాదు, ఏటా."

ఓబులమ్మ చేతిలోని గరిటెను చూసుకుంది. "సరేలే. ముందు ఉండలన్నా చేయనీ" అంది.

ఆమె పిండి ముందేసుకుని నిమ్మకాయంత ఉండలు చేసింది. ఆఖరిదాన్ని మాత్రం సుంకన్నకు వీపు పెట్టి, తాపీగా, మారేడుకాయంత చేసింది. నోట్లో నీళ్ళూరి సుంకన్న ఉండబట్టలేకపోయాడు.

"అంత పెద్దది ఎవరికవ్వా?"

"ముందు ఎవరు తీసుకుంటే వాళ్ళకు."

ఉండలన్నీ మరిగే పులుసులోకి జారాయి. అడుగున మునిగిన ఉండ ఉడికితే పైకి తేలుతుంది. అది తెలియడానికి ముక్కుతో పని లేదు, కళ్ళు చాలు. చిన్నవన్నీ తేలాక, పెద్దది కూడా బద్ధకంగా పైకి వచ్చింది.

"పుల్లలు తెస్తా" అని ఓబులమ్మ గుహలోకి వెళ్ళింది.

సుంకన్న గరిటెతో పెద్దదాన్ని లాగి, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుని, రెండు బుగ్గలూ నిండేట్టు కుక్కుకున్నాడు. పళ్ళు దిగాయి. ఆ తరువాత అతని తోక నిటారుగా లేచి నిలబడింది. అరుద్దామంటే చెన్నక్క, మద్దిలేటి ఆకులతో వచ్చేస్తున్నారు. అరిస్తే అందరికంటే ముందు తిన్న సంగతి తెలిసిపోతుంది. కళ్ళు మూసుకుని గుటుక్కున మింగాడు.

"ఏమిరా, ఏడుస్తాండావు?" అన్నాడు మద్దిలేటి.

"పొగ... పొగ మామా."

వడ్డన అయింది. చెన్నక్క భయపడుతూ కొరికింది. కమ్మగా ఉంది. మద్దిలేటి దేవుణ్ణి తలుచుకుని కొరికాడు. అదీ కమ్మగానే ఉంది. కుండలో పులుసు అడుగుకు వచ్చింది గానీ ఎవరూ గంతులెయ్యలేదు.

"మంట ఉండ యాడికి పోయింది?" అని చెన్నక్క చుట్టూ చూసింది. సుంకన్న అవతల బండ గుంటలో నిలిచిన వాననీళ్ళలో నాలుక ముంచి ఉన్నాడు.

"రేయ్, ఇటు తిరుగు!"

తిరిగాడు. మూతి వాచి గుమ్మడికాయలా ఉంది. దొరికిపోయిన ఉక్రోషంలో అతను గట్టిగా అరిచాడు. "నన్నడుగుతారేమి? ఆమెనడగండి! ఆమెకు వాసనే తెలీదు! ముక్కు లేని ముసల్దాని చేతి వంట తింటాండారు మీరు!"

ఓబులమ్మ గరిటెను వీపు వెనక దాచుకుంది.

"మాకు తెలీదనుకున్నావా?" అంది చెన్నక్క నింపాదిగా. "పోయినేడు తిరగమోత మాడి బొగ్గయింది. అవ్వ ముక్కు ఎగబీల్చి 'ఆహా' అనింది. అప్పుడే తెలిసింది."

"తెలిసీ తిన్నారా?" అంది ఓబులమ్మ.

"మాడినా నీ చేతి పులుసే కావాల మాకు," అన్నాడు మద్దిలేటి. "నువ్వే చెప్తావని ఏడాదిగా కాసుకోనుండాము. పిచ్చిదానా, మాతో చెప్పుకోకుంటే ఇంకెవరితో చెప్పుకుంటావు?"

ఓబులమ్మ బొటబొటా కన్నీళ్ళు కార్చింది. ఆ ఏడుపులోనే నవ్వు కూడా వచ్చింది. ఇకమీదట తిరగమోత పెట్టేటప్పుడు చెన్నక్క పక్కన నిలబడి, దించమన్నప్పుడు అవ్వ దించాలని అప్పటికప్పుడే ఒప్పందమైపోయింది. గరిటె మాత్రం అవ్వ చేతిలోనే.

ఓబులమ్మ గుహలోంచి కాస్త తేనె తెచ్చి సుంకన్న ముందు కూర్చుంది. "ఇంద, నాలుక చాపు. నీకు మంట తగ్గాల, నా కుండ తెల్లబడాల."

ఆ సాయంత్రం వానలో కుండ తోముతూ సుంకన్న లోపలికి కేకేశాడు. "అవ్వా! అడుగున ఒక ఉండ అంటుకోనుంది. తిననా?"

"తిను నాయనా, అది మంచిదే."

అయినా అతను దాన్ని వాసన చూసి, మళ్ళీ చూసి, విరిచి చూసి గానీ తినలేదు.

మన లోపం మనవాళ్ళకు చెప్పుకుంటే తోడు దొరుకుతుంది, దాచుకుంటే దాని మీద బతికేవాడు దొరుకుతాడు.